పావుగంటలో పరీక్ష
(ప్రసంగ పాఠం)

 

ఈ రోజు మాట్లాడుకునేది ఒక చిన్న రక్తపు చుక్క గురించి. వేలి కొన మీద సూదితో గుచ్చితే ఒక చుక్క వస్తుంది. ఆ చుక్కతో ఇప్పుడు చాలా సంగతులు తెలుస్తున్నాయి. ఒంట్లో రక్తం ఎంత ఉంది? చక్కెర ఎంత ఉంది? వచ్చిన జ్వరం మలేరియానా, కాదా? పావుగంటలో చెప్పేస్తున్నారు. కొన్నయితే ఒక్క నిమిషంలోనే తెలుస్తాయి.

ఇలాంటి పరీక్షకు పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. రోగి కూర్చున్న బల్ల దగ్గరే చేస్తారు. బస్తీలో చేస్తారు. ఒక్కోసారి ఇంటి గడప దగ్గరే చేస్తారు. డాక్టర్లు దీనికి ‘పాయింట్ ఆఫ్ కేర్ టెస్ట్’ అని పేరు పెట్టారు. పేరు పెద్దది. మనం ‘అక్కడికక్కడి పరీక్ష’ అందాం.

త్వరగా తెలిస్తే ఏమిటి లాభం? రెండు రోజులు ఆగలేమా? అని ఎవరైనా అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. దానికి జవాబు డాక్టరు దగ్గర దొరకదు. లాల్ దర్వాజలోనో, గౌలిపురాలోనో ఇంట్లో కూర్చుని లక్క గాజులకు రాళ్లు అతికే ఆడమనిషి దగ్గర దొరుకుతుంది.

అలాంటి ఒక అమ్మ ఉందనుకోండి. ఇప్పుడు ఆమెకు ఐదో నెల. లాడ్ బజార్ నుంచి గాజులు తెచ్చుకుంటుంది. రాళ్లు అతికి తిరిగి ఇస్తుంది. ఆమెకు గాజుల లెక్కన కూలి. గంటల లెక్కన కాదు. చెయ్యి ఆగిందంటే కూలి ఆగినట్టే.

ఆమె పెద్దాసుపత్రికి పోవాలంటే చీకటితో లేవాలి. వంట ముగించాలి. పెద్దపిల్లను పక్కింటి ఖాలా దగ్గర వదలాలి. ఆటో ఎక్కాలి. చీటీ కోసం ఒక వరుస. డాక్టరు కోసం ఒక వరుస. రక్తం ఇవ్వడానికి ఇంకొక వరుస. అంతా అయ్యేసరికి మధ్యాహ్నం దాటుతుంది. అప్పుడు, “రిపోర్టు రేపు వస్తదమ్మా” అంటారు.

“రేపు రాకుంటే ఏమన్నా అయితదా?” అని ఆమె అడుగుతుంది.

వెనుక వరుసలో ఇంకా యాభై మంది ఉన్నారు. జవాబు చెప్పే తీరిక ఎవరికీ లేదు.

రేపు మళ్లీ అదే ఆటో, అదే వరుస, మళ్లీ ఒక రోజు కూలి. ఆమె పోదు. ‘ఒళ్లు బాగానే ఉంది కదా, కొంచెం ఆయాసం, అంతే’ అనుకుంటుంది. రిపోర్టు కాగితం ఆసుపత్రి సొరుగులోనే ఉండిపోతుంది. దాని మీద ఒక అంకె ఉంది. 6.8. ఆ అంకెను ఎవరూ చదవలేదు.

తప్పు ఆమెదా? ఆసుపత్రిదా? తప్పు దూరానిది. చుక్క ఇక్కడ, జవాబు అక్కడ.

ఆ 6.8 అంటే ఏమిటో ముందు చూద్దాం. రక్తంలో ఎర్రదనాన్ని ఇచ్చే పదార్థం పేరు హిమోగ్లోబిన్. ఊపిరితో పీల్చిన గాలిలోని ప్రాణవాయువును ఒళ్లంతా మోసుకుపోయే కూలీ అదే. గర్భిణికి అది 11 గానీ, అంతకంటే ఎక్కువ గానీ ఉండాలి. 10కి, 11కి మధ్య ఉంటే కొంచెం తక్కువ. 7కి, 10కి మధ్య ఉంటే బాగా తక్కువ. 7 లోపు పడిపోతే ప్రమాదం. కాన్పులో ప్రతి తల్లికీ కొంత రక్తం పోతుంది. ఒంట్లో రక్తం ఉన్న తల్లి దానికి తట్టుకుంటుంది. 6.8 ఉన్న తల్లి తట్టుకోవడం కష్టం. ప్రాణం మీదికి వస్తుంది.

ఇక్కడ అంకెను చదవడం గురించి ఒక మాట. 6.8లో మధ్య చుక్కను మరచిపోవద్దు. చుక్కకు ఎడమ పక్కన ఉన్నదే అసలు అంకె. 9.4ను చూసి 94 అని చదివితే, ‘అబ్బో, చాలా ఉంది’ అనిపిస్తుంది. అది తొమ్మిది మీద కొంచెం మాత్రమే.

ఇప్పుడు అదే అమ్మ దగ్గరికి ఏఎన్‌ఎం సిస్టర్ ఒక యంత్రం తెచ్చిందనుకోండి. అరచేతిలో పట్టే యంత్రం.

“ఏంది సిస్టరమ్మా, గింత చుక్క సరిపోతదా?”

“సరిపోతది బిడ్డా. చెయ్యి ఇట్ల పెట్టు.”

వేలిని స్పిరిటుతో తుడుస్తారు. అది ఆరిపోయేదాకా ఆగుతారు. కొత్త సూదితో గుచ్చుతారు. మొదటి చుక్కను పొడి దూదితో తుడిచేస్తారు. తర్వాతి చుక్కను చిన్న పట్టీకి అందిస్తారు. వేలిని గట్టిగా పిండకూడదు. పిండితే రక్తంలో ఒంటి నీరు కలిసి అంకె తప్పుతుంది. నిమిషం అటూ ఇటూగా యంత్రం మీద అంకె కనిపిస్తుంది. 6.8.

ఇప్పుడు ఆ అంకె సొరుగులో పడలేదు. అమ్మ ఎదురుగా ఉంది. సిస్టర్ ఎదురుగా ఉంది. అత్త ఉంటే అత్త కూడా చూసింది. ఇది మాత్రలతో ఆగే పని కాదని అప్పుడే చెప్పవచ్చు. పెద్దాసుపత్రికి చీటీ అప్పుడే రాయవచ్చు. అక్కడ మళ్లీ పరీక్ష చేసి, నరం ద్వారా ఇనుము మందు ఎక్కిస్తారు. అవసరమైతే రక్తం ఎక్కిస్తారు. ఈసారి ఆమె కూలి వదులుకుని పోతుంది. ఎందుకంటే ఎందుకు పోవాలో ఆమెకు తెలుసు.

అక్కడికక్కడి పరీక్ష విలువ ఇదే. యంత్రం వేగం గొప్ప కాదు. మనిషి లేచి పోకముందే జవాబు, జవాబుతో పాటు తర్వాత చేయాల్సిన పని, రెండూ చేతికి రావాలి. పావుగంటలో పరీక్ష చేసి, “మందు కోసం వచ్చే వారం రండి” అంటే ఆ వేగం వృథా.

రక్తం తక్కువ ఉండటం ఏ ఒక్క ఇంటి సంగతో కాదు. 2019-21లో ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే జరిగింది. సర్వే వాళ్లు ఇంటింటికీ పోయి, వేలి చుక్కతోనే, చిన్న యంత్రంతోనే రక్తం చూశారు. తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగం కంటే ఎక్కువ మందికి రక్తం తక్కువ ఉందని తేలింది. గడప దగ్గరి పరీక్ష లేకపోతే ఈ లెక్క కూడా తెలిసేది కాదు.

రక్తం కొంచెం తక్కువ ఉన్నవాళ్లకు ఇనుము మాత్రలు ఉన్నాయి. ప్రభుత్వ దవాఖానాల్లో ఉచితంగా ఇస్తారు. గర్భిణి నాలుగో నెల నుంచి కనీసం 180 రోజులు రోజుకొక మాత్ర వేసుకోవాలి. రక్తం తక్కువగా ఉంటే రోజుకు రెండు ఇస్తారు. పాతబస్తీ వాళ్లకు ఇంకొక మాట ప్రత్యేకంగా చెప్పాలి. మాత్రను చాయ్‌తో వేసుకోవద్దు. చాయ్ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. మాత్రకూ చాయ్‌కీ మధ్య గంటైనా ఎడం ఉంచాలి. ఇరానీ చాయ్ మానమని ఎవరూ అనడం లేదు. అన్నా ఎవరూ మానరు.

వెనకటి రోజుల్లో రక్తం ఎలా చూసేవారు? కనురెప్పను కిందికి లాగి చూసేవారు. నాలుక చూసేవారు. గోళ్లు చూసేవారు. ఇప్పటికీ చూస్తారు, చూడాలి. అయితే కన్ను ‘పాలిపోయింది’ అని చెబుతుంది గానీ అంకె చెప్పదు. చక్కెర వ్యాధిని పూర్వపు వైద్యులు మూత్రానికి పట్టిన చీమలను చూసి గుర్తించేవారు. తర్వాత గాజు గొట్టం వచ్చింది. నీలం రంగు ద్రావకంలో మూత్రం చుక్కలు వేసి దీపం మీద కాచేవారు. నీలంగానే ఉంటే చక్కెర లేదు. ఆకుపచ్చ అయితే కొంచెం ఉంది. పసుపు అయితే ఎక్కువ. ఇటుక రంగు తిరిగితే మరీ ఎక్కువ. పాత దవాఖానాల్లో పని చేసిన వాళ్లను అడగండి, ఆ వాసన కూడా చెబుతారు.

ఇప్పుడు పట్టీలు వచ్చాయి. ఆడవాళ్లలో చాలామందికి తెలిసిన పట్టీ ఒకటి ఉంది. నెల తప్పినప్పుడు చూసుకునే పట్టీ. ఒక్కసారి తడిపి గీత చూసుకునే పరీక్ష ఇంగ్లండులో 1988లో క్లియర్‌బ్లూ అనే పేరుతో వచ్చింది. మన దగ్గర ఆశా అక్కలు ‘నిశ్చయ్’ పేరుతో ఇలాంటి కిట్టును తెచ్చి ఇస్తారు. మలేరియా కార్డు, డెంగీ కార్డు, కరోనా కార్డు అన్నీ దాని తోబుట్టువులే.

పట్టీ ఎలా పని చేస్తుంది? దీపం వత్తిని చూడండి. ప్రమిదలోని నూనె వత్తిలో పైకి పాకుతుంది. ఎవరూ తోయరు. పట్టీలో కూడా అలాగే రక్తమో, మూత్రమో మెల్లగా ముందుకు పాకుతుంది. దారిలో ఎర్రటి నలుసులు దానికి తోడవుతాయి. వెతుకుతున్న పదార్థం ఉంటే ఆ నలుసులు దాన్ని పట్టుకుంటాయి. ముందు ఒక చోట కంటికి కనబడని గీత కాపు కాసి ఉంటుంది. నలుసులు అక్కడ చిక్కుకుంటాయి. అవన్నీ ఒకచోట చేరేసరికి ఎర్రగీత కనిపిస్తుంది.

ఆ ఎర్ర నలుసులు ఏమిటో తెలుసా? చాలా పట్టీల్లో అవి బంగారం. నిజమైన బంగారమే. చార్మినార్ చుట్టుపక్కల వరక్ కొట్టే పని అందరికీ తెలుసు. తోలు పొరల మధ్య రేకు పెట్టి సుత్తితో గంటల తరబడి కొడతారు. బంగారాన్ని అలా ఎంత పల్చగా కొట్టినా పసుపుగానే మెరుస్తుంది. కానీ దాన్ని కంటికి కనబడనంత చిన్న నలుసులుగా చేసి నీళ్లలో కలిపితే ఎర్రగా కనబడుతుంది. పట్టీలో ఉన్నది అదే. గీసి దాచుకుందామంటే మాత్రం కుదరదు. అంత తక్కువ ఉంటుంది.

ఇప్పుడు కార్డును చదవడం నేర్చుకుందాం. అక్షరాలు నేర్చిన వాళ్లకు ఇది కష్టం కాదు. కార్డు మీద రెండు ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. ఒకటి ‘సి’. చంద్రవంకలాగా ఉంటుంది. ఇంకొకటి ‘టి’. గుంజ మీద అడ్డకర్ర పెట్టినట్టు ఉంటుంది. సి దగ్గరి గీత, కార్డు సరిగ్గా పని చేసిందని చెప్పే గీత. టి దగ్గరి గీత, వెతికినది దొరికిందని చెప్పే గీత.

రెండు గీతలూ వస్తే, ఉంది అని అర్థం. టి గీత లేతగా వచ్చినా వచ్చినట్టే. సి ఒక్కటే వస్తే, కనబడలేదు అని అర్థం. ‘లేదు’ అని కాదు, ‘కనబడలేదు’ అని. ఈ రెండు మాటలకూ చాలా తేడా ఉంది. ఆ తేడా దగ్గరికి మళ్లీ వద్దాం. సి దగ్గర గీత రాకపోతే ఆ కార్డు చెల్లదు. టి దగ్గర గీత ఉన్నా సరే చెల్లదు. ఇంకొక కార్డుతో మళ్లీ చేయాలి.

చూసే సమయం కూడా ముఖ్యమే. ప్రతి కార్డుకూ ఒక గడువు ఉంటుంది. గర్భం పట్టీకి సుమారు ఐదు నిమిషాలు. మలేరియా కార్డుకు పదిహేను నుంచి ఇరవై నిమిషాలు. అన్నం తొందరపడి దించితే పలుకు, ఆలస్యమైతే మాడు. ఇదీ అంతే. ముందే చూస్తే గీత రాకపోవచ్చు. గంట తర్వాత చూస్తే లేని గీత నీడలాగా కనిపించి మోసం చేయవచ్చు.

మలేరియా అంటే హైదరాబాదుకు ఒక ప్రత్యేక సంబంధం ఉంది. మలేరియా దోమ ద్వారా వస్తుందని ఒకప్పుడు లోకానికి రుజువు లేదు. సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ అనే సైనిక డాక్టరు ఉండేవాడు. బేగంపేటలోని ఆసుపత్రిలో దోమలను కోసి చూసేవాడు. హుసేన్ ఖాన్ అనే రోగి తన ఒంటి మీద దోమలను కుట్టనిచ్చాడు. కుట్టిన ఒక్కో దోమకు ఒక్కో అణా ఇచ్చారు. 1897 ఆగస్టు 20న రాస్‌కు ఒక దోమ కడుపులో మలేరియా క్రిమి కనిపించింది. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికి ఆయన పేరే పెట్టారు. పాతవాళ్లు దాన్ని కోరంటి దవాఖాన అంటారు. హుసేన్ ఖాన్ పేరు ఏ ఆసుపత్రికీ పెట్టలేదు.

రాస్‌కు సూక్ష్మదర్శిని ఉంది. దాంతో చాలా కాలం మన దేశంలో మలేరియాను పట్టుకున్నారు. ఆరోగ్య కార్యకర్త ఇంటికి వచ్చి గాజుపలక మీద రక్తం తీసేవాడు. ఆ పలక ప్రయోగశాలకు పోయేది. రంగు వేసి చూసేవారు. చూసే మనిషికి నేర్పు ఉంటే అది ఇప్పటికీ మంచి పరీక్షే. కానీ పలక పోయి, జవాబు తిరిగి వచ్చేసరికి రోజులు గడిచేవి. ఊరు దూరమైతే వారాలు గడిచేవి. అప్పటికి జ్వరం తగ్గి ఉండేది, లేదా మనిషి పోయి ఉండేవాడు.

2013 నుంచి జాతీయ మలేరియా కార్యక్రమంలో రెండు రకాల మలేరియాను చూపించే కార్డులు వాడుతున్నారు. ఒకటి వైవాక్స్, రెండోది ఫాల్సిపారం. ఫాల్సిపారం మెదడుకు ఎక్కి ప్రాణం తీయగలదు. రెండింటికీ మందులు వేరు. అందుకే ఏ రకమో వెంటనే తెలియాలి. వైవాక్స్ అయితే క్లోరోక్విన్ మూడు రోజులు, ప్రైమాక్విన్ పద్నాలుగు రోజులు ఇస్తారు. మూడు రోజులకే జ్వరం తగ్గిందని మిగతా మాత్రలు పారేయకూడదు. కాలేయంలో దాక్కున్న క్రిమి మళ్లీ లేస్తుంది. గర్భిణికి ప్రైమాక్విన్ ఇవ్వకూడదు. అందుకే నెల తప్పిన సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి.

మలేరియా కార్డులో ఒక చిక్కు కూడా ఉంది. ఫాల్సిపారం తగ్గిన తర్వాత కూడా దాని ఆనవాలు రక్తంలో కొన్ని వారాలు ఉంటుంది. మందు వాడి తగ్గినవాళ్లు మళ్లీ కార్డు చేయించుకుంటే గీత రావచ్చు. ‘మందు పని చేయలేదు’ అని కంగారు పడకూడదు. అప్పుడు గాజుపలక పరీక్షే దారి. పాతది పోలేదు చూడండి. కొత్తదానికి సాక్షిగా నిలబడింది.

ఇక డెంగీ. వానాకాలం వస్తే నగరంలో ఈ మాట వినని వీధి ఉండదు. జ్వరం వచ్చిన రెండో రోజే ఎవరో ఒకరు, “కార్డు టెస్టు చేయించు భాయ్” అంటారు. కార్డులో గీత వస్తుంది. ఇంట్లో ఏడుపులు మొదలవుతాయి. అప్పు చేసి పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చేవాళ్లు ఉన్నారు. కొంచెం ఆగి వినండి.

డెంగీ కార్డులో గీత వస్తే ‘డెంగీ కావచ్చు’ అని మాత్రమే లెక్క. ప్రభుత్వ నిబంధన ఇదే. ఖాయం చేయడానికి ఎలైజా అనే పరీక్ష ఉంది. అది ప్రయోగశాలలో చేస్తారు. జ్వరం మొదలైన ఐదు రోజుల లోపు అయితే ఒక రకం ఎలైజా, తర్వాత అయితే ఇంకొక రకం. కాబట్టి జ్వరం ఏ రోజు మొదలైందో రాసి పెట్టుకోవాలి. డాక్టరు మొదట అడిగే ప్రశ్న అదే.

గీత వచ్చిన అందరికీ ఆసుపత్రి మంచం అక్కర్లేదు. చాలామందికి నీళ్లు, మజ్జిగ, జావ బాగా తాగడం, పారాసిటమాల్ వేసుకోవడం, పడుకోవడం సరిపోతాయి. ఆస్పిరిన్, బ్రూఫెన్ లాంటి నొప్పి మాత్రలు మాత్రం వద్దు. రక్తం కారే ప్రమాదాన్ని అవి పెంచుతాయి. అయితే కొన్ని గుర్తులు కనబడితే ఒక్క గంట కూడా ఆగకూడదు. కడుపులో విపరీతమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచో ముక్కు నుంచో రక్తం, నల్లటి విరేచనం, మగత, చేతులు కాళ్లు చల్లబడటం. ఇవి తరచుగా జ్వరం తగ్గుతున్న రోజుల్లోనే వస్తాయి. ‘జ్వరం పోయింది, గండం గడిచింది’ అనుకునే సమయంలోనే. కార్డులో గీత రాలేదని ధైర్యంగా ఉండి, ఈ గుర్తులను వదిలేస్తే ప్రాణం పోవచ్చు. కార్డు కంటే మనిషిని చూడటం ముఖ్యం.

‘లేదు’కూ ‘కనబడలేదు’కూ తేడా కరోనా కాలంలో బాగా తెలిసింది. 2020 జూలైలో హైదరాబాదు పట్టణ ఆరోగ్య కేంద్రాల్లో ముక్కులో పుల్ల పెట్టి తీసే యాంటిజెన్ పరీక్షలు మొదలయ్యాయి. అరగంట లోపే జవాబు. అంతకుముందు పరీక్ష కోసం, జవాబు కోసం రోజుల తరబడి ఎదురుచూశారు. ఆ అరగంట పరీక్ష ఎంతోమందిని ఇంట్లోవాళ్లకు అంటించకుండా ఆపింది. కానీ భారత వైద్య పరిశోధనా మండలి మొదటే ఒక షరతు పెట్టింది. గీత వస్తే ఉన్నట్టే. గీత రాకపోయినా దగ్గు, జ్వరం ఉంటే ఆర్‌టీపీసీఆర్ పరీక్ష తప్పకుండా చేయాలి. ఎందుకంటే క్రిమి తక్కువగా ఉంటే ఆ పట్టీకి దొరకదు. ఈ షరతు చాలామందికి చేరలేదు. ‘నెగెటివ్’ అనే మాట విని పెళ్లిళ్లకు, దావతులకు పోయినవాళ్లు ఎందరో.

అంతకు కొన్ని నెలల ముందు, 2020 ఏప్రిల్‌లో, చైనా నుంచి తెప్పించిన ఇంకొక రకం కిట్లు సరిగ్గా పని చేయలేదు. వాటిని వాడవద్దనీ, వెనక్కి పంపమనీ అదే మండలి రాష్ట్రాలకు చెప్పింది. క్షయ విషయంలోనూ అలాంటిదే జరిగింది. రక్తం చూసి క్షయ ఉందో లేదో చెప్పే కిట్లు ఒకప్పుడు ప్రైవేటు లాబ్‌లలో బాగా నడిచాయి. అవి తప్పుదారి పట్టిస్తున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో చెప్పింది. 2012లో మన దేశం వాటిని నిషేధించింది. ఇప్పుడు క్షయకు కళ్లెను పరీక్షిస్తారు. గోవాలో తయారయ్యే ట్రూనాట్ అనే యంత్రం బ్యాటరీతో నడుస్తుంది. సుమారు గంటలో క్షయ సంగతి చెబుతుంది. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని మంచిదని ఒప్పుకుంది. త్వరగా చెప్పే పరీక్షల్లో మంచివీ ఉన్నాయి, చెడ్డవీ ఉన్నాయి. త్వరగా చెప్పిందని నమ్మకూడదు. త్వరగా చెప్పిందని అనుమానించనూ అక్కర్లేదు.

హెచ్ఐవీకి కూడా వేలి చుక్క పరీక్ష ఉంది. అందులో ఒక్క కార్డు చూసి ఎవరికీ ‘ఉంది’ అని చెప్పరు. వేరువేరు రకాల పరీక్షలతో మూడుసార్లు చూస్తారు. ముందూ వెనుకా కూర్చోబెట్టి మాట్లాడతారు. సంగతి గోప్యంగా ఉంచుతారు. కాబట్టి గర్భిణులకు ఈ పరీక్ష చేస్తామంటే భయపడవద్దు. బిడ్డకు అంటకుండా మందు ఉంది.

చక్కెర యంత్రం ఇప్పుడు చాలా ఇళ్లలో ఉంది. అందుకే దాని గురించి వివరంగా చెప్పాలి. పరగడుపున 100 లోపు ఉంటే మామూలు. 126 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే చక్కెర వ్యాధి అని అనుమానించాలి. అనుమానించాలి అంతే. ఖాయం చేయడానికి చేతి నరం నుంచి రక్తం తీసి ప్రయోగశాలలో చూడాలి. ఇంట్లో యంత్రం రోజువారీ లెక్క చూసుకోవడానికి. జాతకం రాయడానికి కాదు.

ఒకాయన జిలేబీ తిని, చెయ్యి కడుక్కోకుండా వేలు గుచ్చుకున్నాడనుకోండి. యంత్రం 300 చూపించవచ్చు. అది రక్తంలో చక్కెర కాదు, వేలి మీద పాకం! చెయ్యి సబ్బుతో కడిగి, బాగా తుడిచి, ఆరిన తర్వాత గుచ్చాలి. పట్టీల డబ్బా మూత వెంటనే పెట్టాలి. తేమ తగిలితే పట్టీ పాడవుతుంది. ఎండాకాలం రేకుల ఇంట్లో కిటికీ దగ్గర డబ్బా పెడితే కూడా పాడవుతుంది. డబ్బా మీద ఎంత వేడి వరకు ఉంచవచ్చో అంకెల్లో రాసి ఉంటుంది. చదవండి.

చక్కెర మందు వేసుకునే మనిషికి చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడితే మాత్రం యంత్రం వెంటనే పనికొస్తుంది. 70 లోపు ఉంటే చక్కెర బాగా పడిపోయిందన్నమాట. అప్పుడు స్పృహలో ఉన్న మనిషికి మూడు నాలుగు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించాలి. పావుగంట తర్వాత మళ్లీ చూడాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏదీ పోయకూడదు. 108కి ఫోన్ చేయాలి. యంత్రం దొరకకపోతే వెతుకుతూ కూర్చోవద్దు. ముందు చక్కెర ఇవ్వండి.

అన్ని పరీక్షలూ అక్కడికక్కడే కావాలని కోరడం కూడా సరి కాదు. 2018లో హైదరాబాదులో బస్తీ దవాఖానాలు మొదలయ్యాయి. అదే ఏడు నారాయణగూడలో తెలంగాణ డయాగ్నస్టిక్స్ ప్రయోగశాల మొదలైంది. బస్తీలో తీసిన రక్తం అక్కడికి పోయి, జవాబు తిరిగి వచ్చేలా ఏర్పాటు చేశారు. మూత్రపిండాలు, కాలేయం, థైరాయిడ్ లాంటి పరీక్షలు పెద్ద యంత్రాల మీద చేస్తేనే నమ్మకం, చవక. వాటికి ఒక రోజు ఆగడంలో నష్టం లేదు. ఆగకూడనివి వేరు. గర్భిణి రక్తం, మలేరియా, పడిపోయిన చక్కెర ఆగవు. ఏది ఆగవచ్చో, ఏది ఆగకూడదో సిస్టర్‌ను అడగండి. అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

పరీక్ష చేసేవాళ్లను అడగవలసినవి ఇంకా ఉన్నాయి. సూది కొత్తదేనా? పొట్లం మన ఎదురుగానే విప్పారా? ఒకరికి గుచ్చిన సూది ఇంకొకరికి గుచ్చకూడదు. ఇంట్లో అన్నదమ్ములకైనా, ఆలుమగలకైనా గుచ్చకూడదు. కామెర్ల జబ్బు, హెచ్ఐవీ అలా అంటుకుంటాయి. పొట్లం మీద గడువు తేదీ ఉంటుంది. ఈ, ఎక్స్, పి అనే మూడు ఇంగ్లీషు అక్షరాల పక్కన నెల, సంవత్సరం అంకెల్లో ఉంటాయి. ఆ నెల దాటితే ఆ కార్డు వద్దనాలి.

జవాబు వచ్చాక దాన్ని కాగితం మీద రాయించుకోవాలి. నోటి మాట ఇంటికి వచ్చేలోపు మారిపోతుంది. 9.4 అన్నది 10 అవుతుంది. 10 అన్నది ‘బాగానే ఉందట’ అవుతుంది. పిల్లల పాత నోటుపుస్తకంలో ఒక పేజీ చాలు. తేదీ, పరీక్ష పేరు, అంకె, ఇచ్చిన మందు. నాలుగు గళ్లు గీసుకోండి. వచ్చే నెల మళ్లీ పరీక్ష చేయించుకున్నప్పుడు కింద ఇంకొక వరుస రాయండి. 8.1 కింద 9.4, దాని కింద 10.6 పడితే మాత్రలు పని చేస్తున్నాయి. 8.1 కింద మళ్లీ 8.1 పడితే ఆ పుస్తకం పట్టుకుని డాక్టరు దగ్గరికి పోవాలి. మాత్రలు వేసుకోవడం లేదా, చాయ్‌తో వేసుకుంటున్నారా, కడుపులో నులిపురుగులు ఉన్నాయా, ఇంకేదైనా ఉందా అనేది ఆయన చూస్తారు.